హెగెల్ నిచ్చెన, మన నిచ్చెన

హెగెల్ అనే జర్మన్ తత్త్వవేత్త హిందూమతాన్ని కించపరచాడని మన పండితులలో ఒక పాత కోపం ఉంది. మన మతాన్ని కల్పనామతం అన్నాడు, మనకు చరిత్ర లేదన్నాడు, మతాలన్నిటికీ పైన క్రైస్తవాన్ని కూర్చోబెట్టాడు, ఇవీ అభియోగాలు. అభియోగాలు నిజమే, కోపమూ న్యాయమే. అయితే ఆ కోపం ఎవరి కోసం అన్నదే నా ప్రశ్న. హెగెల్ లోకంలోని మతాలన్నిటికీ కలిపి ఒక నిచ్చెన వేశాడు. మనం ఆక్షేపించింది ఆ నిచ్చెనను కాదు, అందులో మనకు ఇచ్చిన మెట్టును. మెట్టు మార్చుకున్నాం, నిచ్చెనను మాత్రం భద్రంగా ఇంట్లోనే పెట్టుకున్నాం. ఆయన నిచ్చెనలోనూ మన నిచ్చెనలోనూ అడుగుమెట్టు మీద నిలబెట్టబడ్డది ఒకే రకం మనుషులు. మా పెనుబల్లికి ఉత్తరంగా అడవి చిక్కబడుతూ భద్రాచలం వైపు సాగే దారిలో, ఆ అడుగుమెట్టు మీది మనుషులకు పేరు కోయలు. వారి తరఫున వకాల్తా పుచ్చుకొనే అర్హత నాకు లేదు, వారికి దాని అవసరమూ లేదు. నా వాదమంతా మన పండితలోకంతో.

ఖండనకు ముందు పూర్వపక్షాన్ని సరిగా చెప్పడం మన శాస్త్రమర్యాద. ఎదుటివాడి మాటను వంకరగా చెప్పి ఖండించేవాణ్ణి మన తార్కికులు మెచ్చరు. కనుక ముందు హెగెల్ ఏమన్నాడో చూద్దాం.

హెగెల్ (1770–1831) బెర్లిన్ విశ్వవిద్యాలయంలో మతతత్త్వం మీద నాలుగుసార్లు ఉపన్యాసమాల చెప్పాడు: 1821లో, 1824లో, 1827లో, 1831లో. ఆయన పోయిన మరుసటి ఏడు, 1832లో, శిష్యులు వాటిని కూర్చి అచ్చు వేయించారు. అంతకుముందు యూరప్‌లోని హేతువాదులు చాలామంది మతమంటే పురోహితుల మోసమో, పామరుల అజ్ఞానమో అని తేల్చేవారు. హెగెల్ అలా తేల్చలేదు. విశ్వచైతన్యం ఒక్కటే, అది చరిత్రలో క్రమంగా తన్ను తాను తెలుసుకుంటుంది, ఆ తెలుసుకోవడంలో ఒక్కొక్క ఘట్టమే ఒక్కొక్క మతం అన్నాడు. తత్త్వశాస్త్రం భావనలో చెప్పేదానినే మతం ప్రతిమలోనూ కథలోనూ చెబుతుంది అన్నాడు. అంటే ఏ మతమూ వట్టి అబద్ధం కాదు. ప్రతిదానిలో అర్థం ఉంది, ఆ అర్థాన్ని వెతకాలి. ఇంతవరకు వింటే మన వేదాంతికి చెవులకు ఇంపుగానే ఉంటుంది.

చిక్కు ఆ తరువాత వస్తుంది. ఘట్టాలన్నాక ముందూ వెనకా ఉండాలి కదా. అన్నిటికన్నా కింద మంత్రతంత్రాల మతం. అది అడవి మనుషులది, ప్రకృతిశక్తులను లొంగదీసుకోవాలనుకునేది. దానికోసం ఆయన వాడుకున్న సమాచారం ఆర్కిటిక్ మంచుసీమకు పోయిన ఇంగ్లీషు నావికులూ, ఆఫ్రికాకు పోయిన క్రైస్తవ మిషనరీలూ వ్రాసినది. దానిపైన చైనా మతం, బౌద్ధం, కల్పనామతమని పేరు పెట్టిన మన హిందూమతం. వాటిపైన వెలుగుమతమైన పారశీకం, పొడుపుకథ వంటి ఈజిప్టు మతం. ఆపైన ఔన్నత్యమతమని యూదులది, సౌందర్యమతమని గ్రీకులది, ప్రయోజనమతమని రోమనులది. శిఖరాన సంపూర్ణమతం, క్రైస్తవం.

మన ఇళ్ళలో ముక్కోటి ఏకాదశి జాగారం నాడు వైకుంఠపాళి ఆడేవారు. ఆ పటంలో నిచ్చెనలున్నట్టే పాములూ ఉన్నాయి. పరమపదం దాకా పోయినవాడు కూడా పాము నోట పడితే కిందికి జారవలసిందే. హెగెల్ పటంలో పై గడివాడికి పాము లేదు. ఆట మొదలుకాక ముందే ఆయన పావు పరమపదంలో ఉంది.

ఈ మాటకు ఆధారం ఆయన ఉపన్యాసాలలోనే దొరుకుతుంది. 1824లో యూదుమతం ముందు వస్తుంది, దానికి పై ఘట్టంగా గ్రీకుమతం వస్తుంది. 1827కు వచ్చేసరికి గ్రీకుమతం ముందుకు వచ్చి, యూదుమతం దానికి పైదైంది. 1824, 1827లలో హిందూమతానికి ముందు మెట్టుగా ఉన్న బౌద్ధం 1831లో తరువాతి మెట్టుకు చేరింది. కొత్త గ్రంథాలు చదివిన కొద్దీ ఆయన మనసు మార్చుకున్నాడు, అది పండితలక్షణమే, మెచ్చుకుందాం. కాని ఒక్కటి గమనించండి. పదేళ్ళలో నడుమ మెట్లన్నీ అటూ ఇటూ కదిలాయి. పైమెట్టు కదలలేదు, కింది మెట్టు కదలలేదు. సాక్ష్యాన్నిబట్టి తీర్పు మారుతున్నప్పుడు అది విచారణ. సాక్ష్యం ఎలా మారినా రెండు కొసలూ మారకుండా ఉన్నాయంటే, ఆ కొసల విషయంలో విచారణ జరగనే లేదన్నమాట.

మరొక లోటు. ఇస్లాంకు ఈ వరుసలో మెట్టే లేదు. క్రైస్తవం శిఖరమైతే, దాని తరువాత ఆరు వందల ఏళ్ళకు వచ్చిన మతాన్ని ఎక్కడ పెట్టాలి? పైన పెడితే సిద్ధాంతం కూలుతుంది, కింద పెడితే కాలక్రమం ఒప్పుకోదు. అక్కడక్కడ ప్రస్తావించి వదిలేశాడు.

ఈ వరుసను మా జిల్లాకు తెచ్చి పరీక్షించి చూడండి. నేలకొండపల్లిలో బౌద్ధ స్తూపం ఉంది. భద్రాద్రి రామదాసుగా పేరుపొందిన కంచెర్ల గోపన్న పుట్టిందీ ఆ నేలకొండపల్లిలోనే. ఆయన కట్టించిన గుడిలో శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారాన్ని గోలకొండ నవాబు తానీషాకు ముడిపెట్టి చెప్పుకుంటాం. ఆ మర్యాదను ఇవాళ ప్రభుత్వం నడుపుతోంది. మా పెనుబల్లి దగ్గర నీలాద్రి మీద శివుడున్నాడు. ఊళ్ళలో ముత్యాలమ్మ ఉంది, పీర్ల చావిడి ఉంది, చర్చి ఉంది. మొహర్రంలో పీర్లు లేస్తే నిప్పుల గుండం చుట్టూ తిరిగేవారిలో అన్ని కులాలవారూ ఉంటారు. ఒకే ఇల్లాలు శివరాత్రికి నీలాద్రికి పోతుంది, పీరుకు మొక్కు చెల్లిస్తుంది, బోనం ముత్యాలమ్మకు ఎత్తుతుంది. ఆమె ఏ మెట్టు మీద ఉన్నట్టు? హెగెల్ లెక్కలో ఒక ఘట్టం వస్తే వెనకటిది తన పని ముగించుకొని చరిత్రలో కలిసిపోవాలి. మా జిల్లాలో ఎవరి పనీ ముగియలేదు. అన్నీ ఒకే పంచాంగంలో, ఒకే వాకిట్లో ఉన్నాయి.

ఆయనకు ఈ దేశం పుస్తకాలలోనే తెలుసు. ఆయన యూరప్ దాటి ఎన్నడూ పోలేదు, సంస్కృతం నేర్వలేదు. కోల్‌బ్రూక్ వ్యాసాలు, విల్కిన్స్ ఇంగ్లీషు గీత, ష్లెగెల్ లాటిన్ గీత, జేమ్స్ మిల్ వ్రాసిన భారతదేశ చరిత్ర వంటివే ఆయనకు ఆధారాలు. బౌద్ధులు శూన్యాన్నే పరమార్థంగా కొలుస్తారని చెప్పాడు గాని, ఆ శూన్యాన్ని తర్కించిన నాగార్జునుని మూలమధ్యమకకారిక ఆయన చేతికి రాలేదు. దీనికి ఆయనను తప్పుపట్టను. ఆనాటికి అచ్చులో ఉన్నది అంతే. తప్పు ఎక్కడంటే, చేతిలో ఉన్నది ఇంత తక్కువైనా ప్రపంచానికంతటికీ ఒకే వరుస నిర్ణయించే ధైర్యం చేయడంలో.

ఇక మన పండితులు దాటవేసే భాగానికి వద్దాం. విల్‌హెల్మ్ ఫాన్ హుంబోల్ట్ బెర్లిన్ అకాడమీలో 1825–26లలో భగవద్గీత మీద ప్రసంగించి దానిని ఆకాశానికెత్తాడు. హెగెల్ 1827లో ఆ ప్రసంగాలను సుదీర్ఘంగా సమీక్షించాడు. అందులో ఆయన అడిగిన ప్రశ్న ముల్లులాంటిది. అర్జునునికి చెప్పిన ధర్మం మనిషిగా అతని అంతరాత్మ నిర్ణయించుకున్న ధర్మమా, లేక పుట్టుకతో వచ్చిన వర్ణానికి కట్టుబడ్డ విధియా అని. పుట్టుకనే కర్తవ్యానికి మూలం చేసిన చోట స్వేచ్ఛకు తావెక్కడిది అని. ఈ ప్రశ్నకు హుంబోల్ట్‌ను పొగడటం జవాబు కాదు. హెగెల్ మనల్ని కల్పనామతం అన్నాడని కోపగించుకునే సభలలో, కులం గురించి ఆయన అడిగినదానిని ఎవరైనా ఎత్తుకొని సమాధానం చెప్పగా నేను వినలేదు. నిందను గుర్తుంచుకొని ప్రశ్నను మరచిపోవడం పండితుని పని కాదు.

మరి మన జవాబు ఏమిటి? ఆ జవాబు చెప్పినవారిలో అగ్రగణ్యులు మన తెలుగువారే, సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు. నెల్లూరు జిల్లా సర్వేపల్లి నుంచి తరలిపోయిన కుటుంబంలో 1888లో తిరుత్తణిలో పుట్టి, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివి, 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షులుగా ఉండి, ఆపైన ఆక్స్‌ఫర్డ్ ఆచార్యులైన మహనీయులు. ఆయన జన్మదినాన దేశమంతా ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటుంది. నేనూ నా సర్వీసంతా జరిపాను. క్రైస్తవ పాశ్చాత్యుని ముందు వేదాంతాన్ని సమానస్కంధంగా నిలబెట్టిన ఆయన కృషి చిన్నది కాదు. 1926లో ఆక్స్‌ఫర్డ్‌లోని మాంచెస్టర్ కళాశాలలో ఉపన్యసించి, 1927లో 'హిందూ జీవనదృష్టి' అనదగిన పుస్తకంగా వెలువరించారు. హిందూమతం ఏ దేవుణ్ణీ అబద్ధమని తోసిపుచ్చదు, అందరినీ తనలోకి తీసుకొని మెల్లగా పైకి తెస్తుంది అని అందులో ఆయన ప్రతిపాదన.

పైకి అనగానే మెట్లు వచ్చాయి. ఆ పుస్తకంలోనే ఆయన వరుస చెప్పారు. నిర్గుణ పరబ్రహ్మను ఉపాసించేవారు అందరికన్నా పైన. వారి తరువాత సగుణేశ్వరుని కొలిచేవారు. ఆ తరువాత రాముడు, కృష్ణుడు, బుద్ధుడు వంటి అవతారాలను కొలిచేవారు. వారికి దిగువన పితరులను, దేవతలను, ఋషులను కొలిచేవారు. అందరికన్నా అడుగున అల్పశక్తులను, భూతాలను కొలిచేవారు. చదువరులు ఒక్క నిమిషం ఆగి చూడాలి. హెగెల్ శిఖరాన ఉన్న క్రీస్తు స్థానంలో అద్వైతం వచ్చి కూర్చుంది. నిచ్చెన అదే. అడుగుమెట్టూ అదే. కులం మీద హెగెల్ వేసిన ప్రశ్నకు ఆ పుస్తకంలో దొరికేది వర్ణవ్యవస్థ పుట్టుకను సమర్థించే వ్యాఖ్యానం.

ఇది జర్మనీ నుంచి అరువు తెచ్చుకున్న నిచ్చెన అని చెప్పి చేతులు దులుపుకోవడానికి కూడా వీలులేదు. గీత తొమ్మిదో అధ్యాయంలో దేవతలను కొలిచేవారు దేవతలను, పితరులను కొలిచేవారు పితరులను, భూతాలను కొలిచేవారు భూతాలను చేరుతారన్న విభాగం ఉంది. పదిహేడో అధ్యాయంలో సాత్త్వికుల, రాజసుల, తామసుల పూజలకు వేర్వేరు గమ్యాలు చెప్పబడ్డాయి. ప్రేతభూతగణాలు తామసుల పాలు. కనుక మన నిచ్చెనకు కర్ర మన అడవిలోదే. యూరోపియన్ భావవాదం దానికి కొత్త చీలలు కొట్టి, ప్రపంచ వేదిక మీద నిలబెట్టే ఒడుపు నేర్పింది. అంబేద్కర్ శ్రేణీకృత అసమానత అన్నది మనుషుల విషయంలో. దేవుళ్ళ విషయంలోనూ మనకు అదే అలవాటు.

ఇప్పుడు ఆ అడుగుమెట్టు మీద నిజంగా ఏముందో చూద్దాం. హెగెల్ ప్రకారం అక్కడ చరిత్ర ఉండరాదు. కోయ గోత్రాలకు, గట్లకు వేర్వేరు వేల్పులున్నారు. ఆ వేల్పు కథను త్రికోణాకారపు గుడ్డ మీద బొమ్మలుగా కుట్టి పడిగె అంటారు. కొలుపు నాడు డోలీలు అనే కోయ గాయకులు ఆ పడిగె ముందు ఆ వంశం ఎక్కడినుంచి వచ్చింది, ఎవరితో పోరాడింది, ఎవరితో పొత్తు కలిపింది అన్నది పాడతారు. మణుగూరు ప్రాంతపు డోలి కళాకారులు సకిని రామచంద్రయ్య గారికి 2022లో పద్మశ్రీ వచ్చింది; 2024లో ఆయన కన్నుమూశారు. ఆయన గొంతులో ఉన్నది వంశచరిత్ర. రాజుల ప్రశస్తి శాసనాలను చరిత్ర అని పాఠం చెప్పే మనం, పడిగెను మాత్రం జానపద కళ అని మరో గదిలో పెట్టాం.

మేడారం చూడండి. రెండేళ్ళకొకసారి మాఘపౌర్ణమి ప్రాంతంలో జరిగే జాతర, 1996 నుంచి రాష్ట్ర పండుగ. గద్దె మీద విగ్రహం లేదు. చిలకలగుట్ట నుంచి సమ్మక్క కుంకుమభరిణె రూపంలో దిగి వస్తుంది, కన్నెపల్లి నుంచి సారలమ్మ వస్తుంది, పూజారులు కోయలే. ఐతిహ్యం ఏం చెబుతుంది? కరువు కాలంలో కప్పం కట్టలేమన్న కోయ దొరల మీదికి కాకతీయ ప్రతాపరుద్రుని సేన వచ్చింది, కూతురూ కొడుకూ నేలకొరిగాక తల్లి గుట్టలోకి నడిచి అదృశ్యమైంది, కొడుకు పడ్డ వాగు జంపన్నవాగైంది. ప్రకృతిశక్తికి భయపడి మొక్కడం కాదిది. రాజ్యానికి ఎదురునిలిచి మరణించినవారిని మరవకుండా ఉండడం. హెగెల్ దృష్టిలో చరిత్ర రాజ్యంతో మొదలవుతుంది. ఇక్కడ రాజ్యంతో యుద్ధం చేసినవారి జ్ఞాపకమే మతం. ఆయన నిచ్చెనలో దీనికి చోటు లేదు, అడుగున కూడా.

జర్మన్ భాషవారందరూ దూరంనుంచే తీర్పు చెప్పారనుకోకండి. వియన్నాలో చదువుకున్న హైమన్‌డార్ఫ్ నిజాం రాజ్యానికి వచ్చి, చెంచుల మధ్య, పాపికొండల కొండరెడ్ల మధ్య, మార్లవాయి గోండుల మధ్య బతికి చూశాడు. కొండరెడ్ల మీద ఆయన పుస్తకం 1945లో వెలువడింది. ఆయన మాటలన్నీ ప్రమాణమని నేననను. అడిగి తెలుసుకున్నాక వ్రాయడం ఒక పద్ధతి, మెట్టు నిర్ణయించాక వెతకడం మరొక పద్ధతి అని మాత్రం అంటాను.

తెలుగు పండితునిగా నాకు సంబంధించిన భాగం భాషలో ఉంది. గ్రామదేవతలకు, అడవి వేల్పులకు మన వచనంలో నిలిచిపోయిన మాట 'క్షుద్రదేవతలు'. ఒకసారి తొమ్మిదో తరగతిలో ఈ మాట తగిలితే, క్షుద్రమంటే అల్పం, చిన్నది అని అర్థం చెప్పాను. వెనక బల్ల మీది కోయపిల్లవాడు లేచి, "ఎవరికంటె చిన్న, సార్?" అని అడిగాడు. వ్యాకరణరీత్యా ఆ ప్రశ్న నిర్దోషం. చిన్న అన్నది సాపేక్షపదం. పోల్చే రెండో వస్తువు లేకుండా ఆ మాటకు అర్థం లేదు. ఆ రెండో వస్తువు నిఘంటువులో వ్రాయలేదు, అది వ్రాసినవాడి ఇంటి దేవుడు. హెగెల్ మూడు సంపుటాలలో చేసిన పనిని మనం ఒక్క విశేషణంతో చేసేశాం.

ఇది వట్టి మాటల గొడవ అనేవారికి రెండు విషయాలు చెబుతాను. బ్రిటిష్ వారి జనాభా లెక్కల్లో ఆదివాసుల నమ్మకాలకు 'ఆనిమిస్టు' అనో 'గిరిజన మతం' అనో ఒక గడి ఉండేది. పేరు తెల్లవాడు పెట్టినదే, కాని గడి ఉంది. స్వాతంత్ర్యం తరువాత అదీ పోయింది. 2011 లెక్కల్లో ఆరు మతాలకు పేర్లున్నాయి, మిగిలినదంతా 'ఇతర మతాలు'. తమ సర్నా మతానికి వేరే గడి కావాలని జార్ఖండ్ శాసనసభ 2020 నవంబరులో తీర్మానం చేయవలసి వచ్చింది. రెండోది మన గోదావరి మీదే ఉంది. పోలవరం ముంపు కోసం 2014లో ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. మునిగే ఊళ్ళు ఎక్కువగా కోయలవి, కొండరెడ్లవి. గుడి అంటే కట్టడం, దానికి పొడవు వెడల్పులుంటాయి. ఇప్పచెట్టు మొదట్లో ఉన్న వేల్పుకు, గుట్టనే వేల్పుగా కొలిచే చోటుకు కొలత ఏది? ఏది మతం, ఏది మూఢనమ్మకం అన్న తీర్పు ముందే మన తలలో ఉంటే, ఏది నష్టమో ఏది కాదో కూడా ముందే తేలిపోతుంది.

ఒక ఆక్షేపణ తప్పక వస్తుంది. నిచ్చెన వద్దంటే మంచిచెడ్డలు ఎలా చెప్పడం, చేతబడి చేసిందన్న నెపంతో ఆడమనిషిని కొట్టి చంపడం కూడా ఒక ఆచారమే అని ఊరుకోవాలా అని. ఊరుకోనక్కరలేదు. నిచ్చెన వేరు, కొలబద్ద వేరు. మనిషిని హింసించరాదు, పుట్టుకతో ఎవరినీ తక్కువ చేయరాదు అన్నది కొలబద్ద. దానిని ప్రతి ఇంటికీ తీసుకుపోయి ఒకే తీరున పెట్టవచ్చు. చేతబడి హత్యకు పెట్టండి, అంటరానితనానికి పెట్టండి, ఐరోపాలో మంత్రగత్తెలని స్త్రీలను తగలబెట్టిన క్రైస్తవ న్యాయస్థానాలకూ పెట్టండి. నిచ్చెన అలా కాదు. అది ఏమి చేశావని అడగదు, ఎవరి బిడ్డవని అడుగుతుంది. కొలబద్ద ముందు పై మెట్టువాడూ జవాబుదారే. నిచ్చెన మీద అతనికి ఆ బాధ లేదు.

జర్మన్ భావవాదులలోనే మరొక దారి చూపినవాడు ఉన్నాడు. హెగెల్ సహాధ్యాయి షెల్లింగ్, 1840 దశకంలో బెర్లిన్‌లో పురాణతత్త్వం మీద ఉపన్యసిస్తూ, పురాణకథ వేరొక అర్థానికి తొడిగిన ముసుగు కాదు, అది ఏమి చెబుతోందో అదే దాని అర్థం అన్నాడు. చివరికి ఆయనా ఆ దారిని క్రైస్తవం దగ్గరికే చేర్చాడు, అది వేరే మాట. కాని మధ్యలో అన్న ఆ మాట మన పండితులకు పనికివస్తుంది. సమ్మక్కను శక్తి అవతారమని, వనదుర్గ అని 'పైకి' తేవాలన్న ఉత్సాహం ఇప్పుడు ఎక్కువవుతోంది. ఆమెను పైకి తేనక్కరలేదు. ఆమె సమ్మక్క. కప్పానికి తలవంచని తల్లి. ఆ కథకు మన తాత్పర్యం తొడగడం మర్యాద కాదు.

నా కోరిక పెద్దది కాదు. పాఠాలు చెప్పేవారు, నిఘంటువులు కూర్చేవారు, వ్యాసాలు వ్రాసేవారు 'క్షుద్రదేవత' అన్న మాట వచ్చినచోట ఆ దేవత పేరు వ్రాయండి: ముత్యాలమ్మ, సమ్మక్క, ఫలానా గట్టు వేల్పు. పేరు తెలియకపోతే ఆ ఊరివారిని అడగండి. సెప్టెంబరు 5న రాధాకృష్ణన్ గారి పటానికి దండ వేసినప్పుడు, ఆయన వేసిన మెట్ల వరుసను కూడా పిల్లల ముందు పెట్టి, ఇది ఒప్పుకుంటారా అని అడగండి. గురువుతో వాదించడం మన ఉపనిషత్తులకు కొత్త కాదు. హెగెల్ మీద కోపం ఉన్నవారు ఆ కోపాన్ని అట్టే పెట్టుకోవచ్చు, నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ కోపానికి అర్హత రావాలంటే మన ఇంట్లో ఉన్న నిచ్చెనను ముందు కిందికి దించాలి.

ఒప్పుకోనివారు నిరభ్యంతరంగా వ్రాయండి. వాదం వాదంగా సాగితే ఇద్దరికీ మేలే.